కూసింది పిట్ట కాదు

“వదినగారికి చదువబ్బలేదంట కదండీ బావగారూ” అంది మా మరదలు, తమ్ముడి భార్య, నా కంచంలో రెండోసారి పప్పు వేస్తూ. అడిగినట్టు కాదు, అందరికీ తెలిసిన సంగతిని మాటవరసకి ఇంకోసారి అన్నట్టు. వదినగారంటే మా అక్క సుగుణ. నా పక్కనే కూర్చుని మజ్జిగన్నం కలుపుకుంటోంది. తల ఎత్తలేదు. ఎనభయ్యో పడిలోకి వస్తున్న మనిషి, పదమూడో ఏటి నుంచీ ఈ మాట వింటూనే ఉంది. పుట్టింట్లో విన్నది, విస్సన్నపేటలో అత్తవారింట విన్నది, ఇప్పుడు తిరువూరులో తమ్ముడింట్లో ఊరగాయ నంజుకున్నంత మామూలుగా వింటోంది. తెలుగులో ‘అబ్బడం’ అనే మాట ఎంత గడుసుదో ఆ పూట బాగా తెలిసింది. పూలతో పాటు నారకి వాసన అబ్బినట్టు చదువు కూడా తనంతట తానే అబ్బాలి. అబ్బకపోతే ఎవరి తప్పూ ఉండదు. తండ్రి తప్పు లేదు, ఇంటి పెద్దల తప్పు లేదు, పంచాంగం తప్పు అసలే లేదు. నేరం చేసినవాళ్లందర్నీ వాక్యంలోంచి మెల్లగా పక్కకి తప్పించేసే క్రియ అది. నలభై ఏళ్లు సభల్లోనూ పత్రికల్లోనూ వాదాలు చేసినవాణ్ణి. మా ఇంటి అన్నాల దగ్గర తిరిగే ఈ ఒక్క అబద్ధాన్ని మాత్రం ఇన్నేళ్లూ నిలదీయలేదు. ఈ అధ్యాయం దాని గురించే.

ఆ మాట రావడానికి కారణం మేఘన. మా తమ్ముడి మనవరాలు, ఐదో తరగతి. వాళ్ల బడిలో పిల్లలకి ఈ వారం ఒక పని చెప్పారు. పొద్దున్నా సాయంత్రం పెరట్లో కాసేపు కదలకుండా కూర్చుని ఏ పిట్టలు వస్తున్నాయో, ఏం తింటున్నాయో చూడాలి. సోమవారం నాడు వాటిలో ఒకదాని గురించి క్లాసులో నిలబడి చెప్పాలి. ఎవరినైనా అడిగి తెలుసుకుంటే వాళ్లని కూడా నాలుగు మాటల్లో పరిచయం చేయాలి. ఇది విన్నప్పుడు నాకు నిజంగా సంతోషమేసింది. ఇన్నాళ్లకి ఒక టీచరుకి పిల్లల చేత కళ్లు తెరిపించాలన్న ఆలోచన వచ్చింది అనుకున్నాను. ఆ సంతోషం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. పక్కింటి పిల్లాడు అప్పటికే రంగుల్లో ప్రింటు తీసిన హంస బొమ్మ అట్టకి అంటించుకుని వచ్చి చూపించాడు. హంస. పాలనీ నీళ్లనీ వేరు చేస్తుందట. తిరువూరులో, కారు షెడ్డుకీ సెప్టిక్ ట్యాంకుకీ మధ్య మిగిలిన రెండు గజాల సిమెంటు మీద, వాళ్ల నాన్నకి హంస కనబడింది. ఆ తండ్రి బ్యాంకులో ఆఫీసరు. “కాకీ పిచ్చుకా ఎవరైనా రాస్తారు సార్, మావాడిది కొంచెం డిఫరెంటుగా ఉండాలి కదా” అన్నాడు నాతో. పిల్లాణ్ణి పెరట్లో ఒక్క పూట కూర్చోబెట్టే ఓపిక లేని మనిషికి, లేని పిట్టని కొని తెచ్చే ఓపిక మాత్రం ఉంది.

మేఘన అలా చేయలేదు. నిజంగానే కూర్చుంది. మా పాత ఇంటి వెనక గది ఒకటి ఇంకా పడగొట్టకుండా మిగిలి ఉంది. దానికి పూర్వం దూలం ఆనిన చోట గోడలో పెద్ద బొక్క ఉంది. ఆ బొక్కలో ఒక పైడికంటి జంట కాపురం పెట్టింది. గుడ్లగూబ జాతిలో బాగా చిన్నది, పిడికిలి కన్నా కాస్త పెద్దదిగా, బూడిద రంగు మీద తెల్ల చుక్కలతో ఉంటుందే, అది. ఆ పిల్ల దాన్ని చూసింది, లోపల పిల్లలు చేసే బుసలాంటి చప్పుడు విన్నది, తల్లి బొద్దింకని పట్టి తేవడం కూడా చూసింది. పరిగెత్తుకుంటూ వచ్చి ఇంట్లో చెప్పింది. ఇంతే ఆ పిల్ల చేసిన పాపం. “హవ్వ, ఆ పేరు ఇంట్లో ఎత్తకే, చిలక గురించి చెప్పుకో” అని మరదలు దాని నోరు మూసింది. మా తమ్ముడు ఆ సాయంత్రమే మేస్త్రీకి ఫోను చేసి, ఎల్లుండి పొద్దున్నే వచ్చి ఇటుకముక్కలు పెట్టి ఆ బొక్క సిమెంటుతో పూడ్చెయ్యమన్నాడు. లోపల పిల్లలున్నాయని తెలిసే అన్నాడు. నేనూ అక్కా వాడి మోకాలి ఆపరేషన్ తర్వాత చూసిపోదామని వచ్చి వాళ్లింట్లో దిగింది ఆ మర్నాడే. అన్నాల దగ్గర మేఘన ముక్కు ఎగబీలుస్తూ కూర్చుంది. “పైడికంటి గురించి నీకు తెలుసంటగా సుగుణమ్మమ్మా, నిన్ను పరిచయం చేస్తా. నువ్వేం చదివావు?” అని అడిగింది. దానికి జవాబుగానే మరదలు ఆ మాట అన్నది.

ఆ వెనక గది గోడకి ఇవతల, ఇప్పుడు కారు షెడ్డూ దాని పక్క జాగా ఉన్న చోటే, మా దొడ్డి ఉండేది. మూలన నీళ్ల పొయ్యి, దాని మీద మసిబారిన కాగు. కంది కంపా కొబ్బరి మట్టలూ మండిన పొగ వాసనతోనే మాకు తెల్లవారేది. పక్కన రాతి గాబు, గాబు పక్కన బట్టల రాయి, రాయి మీద నీడగా ఒక ముసలి వేపచెట్టు. చెట్టు మొదలు మీద, మనిషి ఎత్తుకి కొంచెం పైన, తొర్ర. ఎండాకాలం మొదట్లో ఇల్లంతా చింతపండు వాసన. నాయనమ్మ అరుగు మీద చాప పరుచుకుని, ముందు చింతకాయల గుట్ట పోసుకుని, పిక్కలు తీస్తూ వీధిలో పోయేవాళ్లందరి శకునాలూ చెప్పేది. మా ఇంట్లో పిట్టలకి రూపాలుండేవి కావు, అర్థాలే ఉండేవి. కాకి అరిస్తే చుట్టాలు. కాకి తన్నితే తలస్నానం. జెముడుకాకి ఎదురైతే పని అవుతుంది. పాలపిట్టని దసరానాడు చూస్తే పుణ్యం, మిగతా రోజుల్లో అది ఎక్కడుంటుందో, ఏం తింటుందో ఎవరికీ అక్కర్లేదు. ఇక పైడికంటి కూస్తే చావు. ఇంటి మీద కూస్తే ఇంట్లో చావు. ఇంట్లోకి వచ్చి కూస్తే ఇల్లు విడిచి పోవాలి, గుమ్మానికి ముళ్లకంప అడ్డం పెట్టి. ఇంత శాస్త్రం చెప్పిన మనుషుల్లో ఒక్కరు కూడా ఆ పిట్టని కళ్లారా చూసినవాళ్లు కారు. చూడటమే దోషం కాబట్టి చూడలేదు, చూడలేదు కాబట్టి ఏం చెప్పినా చెల్లింది.

చూసింది మా అక్క ఒక్కతే. సందెవేళ అంట్లు తోమే పని తనది. బూడిదా చింతపండు పిప్పీ పట్టుకుని బట్టల రాయి మీద కూర్చునేది. అదే వేళకి తొర్రలోంచి పైడికంటి జంట బయటికి వచ్చేది. ఒకటి కొమ్మ మీద కూర్చుని గుండ్రటి తల ఊపుతూ, కిందికి వంగి, పైకి లేచి, అక్కని ఎగాదిగా చూసేది. అక్క గిన్నె పక్కన పెట్టి తను కూడా అలాగే వంగి లేచేది. అది మళ్లీ వంగేది. ఇద్దరూ ఒకళ్లకొకళ్లు దణ్ణాలు పెట్టుకుంటున్నట్టు ఉండేది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, “కదలకురా, ఊపిరి కూడా మెల్లగా తీసుకో” అనేది. అవి పురుగుల్ని, తొండల్ని, ఒక్కోసారి చిట్టెలకల్ని పట్టి తేవడం నేను అక్కడే చూశాను. మా ధాన్యపు గాదె దగ్గర ఎలకలు లేకపోవడానికి కారణం నాయనమ్మ వేసిన ముగ్గు కాదని, ఆ తొర్రలోని జంట అని అక్క అప్పుడే చెప్పింది. తనప్పుడు ఎనిమిదో తరగతి. నేను నాలుగు.

ఇక్కడ మా నాన్న గురించి చెప్పాలి. ఆయన తిరువూరు హైస్కూల్లో సైన్సు మాస్టారు. జేబులో ఎప్పుడూ సుద్దముక్క ఉండేది. అక్కకి చూడటం నేర్పింది ఆయనే. “వాళ్లూ వీళ్లూ చెప్పింది తర్వాత. ముందు నీ కళ్లకి ఏం కనబడిందో చెప్పు” అనేవాడు. ఒకసారి అక్క వచ్చి, “నాన్నా, దాని కళ్లు పసుపు కాదు, ఇత్తడి చెంబు తోమితే వచ్చే రంగు” అంది. నాన్న ఎంత మురిసిపోయాడో నాకు ఇప్పటికీ గుర్తు. “పైడి అంటే ఏంటనుకున్నావ్? బంగారం. పైడికంటి అంటే బంగారు కళ్లున్నది. ఎప్పుడో ఎవడో నీలాగే దగ్గరికి పోయి దాని కళ్లలోకి చూసినవాడు పెట్టిన పేరమ్మా అది” అన్నాడు. నేను ఆ మాట మీద చాలా ఆలోచించాను. మన పూర్వీకుల్లో ఒక్కడు చూశాడు, చూసి ఇంత చక్కని పేరు పెట్టాడు. ఆ తర్వాత వచ్చినవాళ్లంతా కళ్లు మూసుకుని, ఆ పేరునే తిట్టుగా మార్చుకున్నారు. మన సంస్కృతి అంటూ ఊరేగేవాళ్లు ఈ ఇద్దరిలో ఎవరికి వారసులో ఒకసారి చెప్పాలి.

అక్క ఆ పిట్ట కూత కూడా నేర్చుకుంది. ‘చిర్‌ర్ చిర్‌ర్ చీవక్ చీవక్’ అని మొదలై గబగబా పేలాలు వేగినట్టు పోయే కూత. నా చెయ్యి పట్టుకుని తన గొంతు మీద పెట్టించుకునేది. “చూడు, ఇక్కడ అదురుతోందా? అదిరితేనే శబ్దం. నాన్న మొన్న చెప్పిన పాఠం ఇదే” అనేది. చెట్టు మీది పిట్టలు దానికి బదులు పలికేవి. అప్పటికి మా తమ్ముడు పాకే పిల్లాడు, నడక ఇంకా కుదరలేదు. వాడు ఏడిస్తే అమ్మ చన్నిచ్చినా, నాయనమ్మ గిలకాడించినా ఊరుకునేవాడు కాదు. అక్క ఆ కూత కూస్తే మాత్రం ఏడుపు మధ్యలో ఆపి, బోసినోరు తెరిచి, పొట్ట పట్టుకుని నవ్వేవాడు. ఆ నవ్వు కోసం మేం వాణ్ణి కావాలని ఏడిపించేవాళ్లం కూడా.

ఒక పొద్దున జరిగింది కూడా అదే. నాన్న స్నానానికి వెళ్లాడు, అమ్మ పొయ్యి దగ్గర ఉంది, నడిమింట్లో ఉయ్యాలలో తమ్ముడు లేచి రాగం అందుకున్నాడు. అక్క వెళ్లి కూసింది. అరుగు మీద చింతపండు ఒలుస్తున్న నాయనమ్మ చేతిలో చింతకాయ వదిలేసి, చెవులు మూసుకుని, “ఇంట్లో కూసింది, ఇంట్లో కూసిందిరోయ్” అని వీధి వినేలా కేక పెట్టింది. అక్క భయపడి నోరు మెదపలేదు. మధ్యాహ్నానికి సిద్ధాంతిగారిని పిలిపించారు. ఆయన పీట మీద కూర్చుని పంచాంగం తెరిచాడు.

“ఎక్కడ కూసింది తల్లీ?”

“నడిమింట్లోనే. నా రెండు చెవులతో విన్నా” అంది నాయనమ్మ.

“దక్షిణప్పక్కా?”

“దక్షిణం గోడ దగ్గర్నుంచే వచ్చింది.”

“ఆరు నెలలు ఇల్లు విడవాలి మాస్టారూ. తిరిగొచ్చేటప్పుడు శాంతి చేసుకోవాలి. లేకపోతే ఇంటి యజమానికే మంచిది కాదు.”

అప్పుడు అక్క తలుపు చాటు నుంచి బయటికి వచ్చింది. లంగా కొసని రెండు చేతులతో నలుపుతూ నాన్న ముందు నిలబడింది. “నాన్నా, కూసింది పిట్ట కాదు. నేనే. బాబు ఏడుస్తుంటే కూశా” అంది. అందరూ నమ్మనట్టు చూశారు. “కావాలంటే చూడండి” అని అక్కడే, అందరి ముందూ కూసి చూపించింది. అమ్మ చంకలో తమ్ముడు పకపకా నవ్వాడు. దొడ్లో వేపచెట్టు మీంచి, పట్టపగలు, అసలు పిట్ట బదులు పలికింది. ఇంతకన్నా పెద్ద రుజువు ఏ ప్రయోగశాలలోనూ దొరకదు. అనుమానం తీరిపోయింది కదా, ఇక సిద్ధాంతిగారు పంచాంగం మూసి, మజ్జిగ తాగి వెళ్లిపోతాడు అనుకున్నాను. ఆ వయసులో నాకు రుజువు మీద అంత నమ్మకం.

సిద్ధాంతిగారు పంచాంగం మూసిన మాట నిజమే. అక్క వైపు చాలాసేపు చూసి, మెల్లగా అన్నాడు. “పిట్ట కూస్తే దోషం ఇంటికి. ఇల్లు విడిస్తే పోతుంది. పైడికంటి ఆడపిల్ల నోట్లోంచి పలికిందంటే దోషం మనిషికి పట్టింది. ఇల్లూ విడవాలి, పిల్లనీ కట్టడి చేయాలి. ఈల, కూత, వెక్కిరింత, ఏదీ ఆ నోట రాకూడదు.”

“వినబడిందా?” అంది నాయనమ్మ నాన్నతో. “దాన్ని నా కళ్లెదురుగా ఉంచుకుంటా. బడీ గిడీ చాలు.”

అందరం నాన్న వైపు చూశాం. జేబులో సుద్దముక్క ఉన్న మనిషి. అదిరితేనే శబ్దం అని నల్లబల్ల మీద రాసిన మనిషి. ఆయన అక్క కళ్లలోకి చూడకుండా, “పెద్దవాళ్ల మధ్య నీకేం పని, లోపలికి పో” అన్నాడు. అంతే. ఆ రోజు మా ఇంట్లో జరిగింది అంతే.

ఆ రాత్రో మర్నాడో అమ్మ ఏదో అనబోతే ఆయన చెప్పిన మాట నేను విన్నాను. “నాకేం నమ్మకం లేదే. అమ్మ కోసం. ఆరు నెలలు ఎంతలో గడుస్తాయి” అన్నాడు. ఈ వాక్యం మీద నాకున్న కోపం ఇన్నేళ్లలో ఒక్క రవ్వ కూడా తగ్గలేదు. నాయనమ్మని నేను ఎప్పుడో క్షమించాను. ఆవిడ నమ్మింది, నమ్మి భయపడింది. భయపడ్డ మనిషికి చెప్పి చూడొచ్చు. నమ్మకుండా పాటించేవాడికి ఏం చెబుతాం? వాడికి తెలియంది మనం కొత్తగా ఏం చెప్పగలం? ఈ దేశంలో మూఢత్వాన్ని నిలబెడుతున్నది మూఢులు కారు. ‘నాకు నమ్మకం లేదు గానీ’ అంటూ మొదలుపెట్టే చదువుకున్నవాళ్లు. రాకెట్ ముందు కొబ్బరికాయ కొట్టేవాడు, ఆపరేషన్‌కి ముహూర్తం చూసుకొమ్మనే డాక్టరు, ఇంట్లో శాంతి జరిపించి బళ్లో సైన్సు చెప్పే మాస్టారు. వాళ్ల దాక్షిణ్యానికి ధర చెల్లించేది ఎప్పుడూ వాళ్లు కాదు. మా ఇంట్లో చెల్లించింది పదమూడేళ్ల పిల్ల.

గుమ్మానికి ముళ్లకంప పెట్టి బయల్దేరాం. ఆడవాళ్లంతా నాయనమ్మ పుట్టిల్లయిన నెమలికి. పిట్టకి భయపడి ఇల్లు విడిచిన కుటుంబం పిట్ట పేరున్న ఊళ్లోకే పోయి తలదాచుకుంది. ఇందులో ఉన్న వెటకారం ఆ ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. నాన్నా నేనూ మాత్రం తిరువూరులోనే, బడి దగ్గర ఒక గది అద్దెకి తీసుకుని ఉన్నాం. హోటలు నుంచి క్యారేజీ వచ్చేది. నా చదువు ఒక్క రోజు కూడా ఆగలేదు. మగపిల్లాడి చదువుకి గది దొరికింది, హోటలు దొరికింది, లాంతరు దొరికింది. ఆ గదిలో ఇంకో చాప పరిచే చోటు మాత్రం దొరకలేదు. అప్పుడు నేను చిన్నవాణ్ణి. అది నా తప్పని ఒప్పుకుని ఇక్కడ మంచివాణ్ణి అనిపించుకోదల్చుకోలేదు. తప్పు చేసినవాళ్లకి అప్పటికి మీసాలున్నాయి, జీతాలున్నాయి, డిగ్రీలున్నాయి.

ఆదివారాలు బస్సులో నెమలి వెళ్లేవాళ్లం. నాయనమ్మ అక్కని రోజూ వేణుగోపాలస్వామి గుడికి తీసుకెళ్లి ప్రదక్షిణలు చేయించేది. నోటితో మురళి ఊదే దేవుడు. ఆయన్ని చూడటానికే అంతమంది వస్తారు. ఆయన ముందు ఒక పిల్లని నిలబెట్టి, నోరు కుట్టుకో అన్నారు. గుళ్లో ఎవరికీ ఆ పిల్ల కథ తెలియదు, తెలిస్తే నవ్వి ఊరుకునేవాళ్లేమో కూడా. అది మా నాయనమ్మ సొంత పూజ. అక్క ఆ ఆరు నెలల్లో కూత సంగతి అలా ఉంచి, మాటలే తగ్గించేసింది. నేను వెళ్లిన ఆదివారం చెరుకుతోట గట్టు మీద కూర్చుని, “కూయవే అక్కా, ఎవరూ లేరు” అన్నాను. “గొంతులో రావట్లేదురా” అంది. నా చెయ్యి తీసుకుని తన గొంతు మీద పెట్టుకుంది. ఏమీ అదరలేదు.

ఇల్లు చేరాక శాంతి జరిగింది, సున్నాలు వేశారు, వేపతొర్రలో నిప్పు పెట్టి పొగబెట్టారు. అక్క బడికి పోతానని అడిగింది. అప్పటికి పరీక్షలు అయిపోయాయి. కింది తరగతిలో మళ్లీ కూర్చుంటానంది. “చిన్నపిల్లల మధ్య ఏం కూర్చుంటావ్” అన్నారు. ఇంకో ఏడాదికి, “ఇప్పుడేం చదువు” అన్నారు. ఇంకో రెండేళ్లకి పెళ్లి. ఎవరైనా అడిగితే నాన్న తల వంచుకుని, “మా పెద్దదానికి చదువబ్బలేదండీ” అనేవాడు. స్కూల్లో సహోపాధ్యాయుల దగ్గర అన్నాడు, వియ్యాలవారి దగ్గర అన్నాడు, చివరికి తనే నమ్మాడు. సైన్సు మాస్టారు తను నమ్మని దోషానికి ఇల్లు విడిచాడు, తను కల్పించిన అబద్ధాన్ని మాత్రం మనసా వాచా నమ్మాడు. బడిలో అక్క తర్వాతి బెంచీల్లో కూర్చున్నవాళ్లు టీచర్లయ్యారు, ఒకావిడ నర్సయింది. అక్క విస్సన్నపేటలో గేదెల్ని సాకింది, మామిడితోట కాపలా చూసింది, పిల్లల్ని చదివించింది. తోటలో ఏ కొమ్మ మీద ఏ పిట్ట గూడు కట్టిందో తనకి తెలుసు. అడిగినవాళ్లు లేరు.

అప్పటి ఇంటికీ ఇప్పటి ఇంటికీ తేడా ఏంటని ఆ మధ్యాహ్నం నన్ను నేను అడిగాను. పొగ లేదు, గాబు లేదు, వేపచెట్టు కొట్టేసి కారు షెడ్డు వేశారు. చెట్టు పోతే పిట్టలు గోడలోకి వచ్చాయి. వాటికి కొత్త ఇల్లు వెతుక్కునే తెలివి ఉంది, మనకి పాత భయం వదిలే తెలివి రాలేదు. అప్పుడు అరుగు మీద కూర్చున్న నాయనమ్మ నోటి నుంచి వచ్చిన దోషాలు ఇప్పుడు ఫోనులో, పాటతో సహా, రోజూ ఉదయం వస్తున్నాయి. నాయనమ్మ మాట వీధి చివరి దాకా వెళ్లేది, ఇది అమెరికా దాకా వెళ్తోంది. పిల్లలకి పిట్టల్ని చూడటం నేర్పండని బడి చెబితే ఇళ్లు హంసల్ని అంటిస్తున్నాయి. చూడటం అంటే బైనాక్యులర్ కొనడం కాదు. ముందు పిట్టకి మనం అంటించిన అర్థాన్ని ఊడబెరకాలి. అది మన కోసం రాలేదు, మన చావు కబురు మోసుకురాలేదు, బొద్దింక కోసం వచ్చింది. ఆ ఒక్క సంగతి తెలిసిన పిల్లని ఇంకెవరూ భయపెట్టలేరు. బహుశా పెద్దల భయం కూడా అదే.

భోజనాలయ్యాక తమ్ముణ్ణి కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. వాడు రిటైరైన ఇంజినీరు. కాలు స్టూలు మీద పెట్టుకుని ఓపిగ్గా విన్నాడు.

“నాకు మాత్రం నమ్మకమా అన్నయ్యా? ఇంట్లో ఆడవాళ్లు గోల పెడుతున్నారు. చిన్న బొక్కే కదా, పూడ్చేస్తే గొడవ వదిలిపోద్ది” అన్నాడు.

ఆ గొంతు మా నాన్నదే. నేను గట్టిగా అరిచాను. పక్కింటి బ్యాంకు ఆఫీసరు కిటికీలోంచి తొంగి చూశాడు. తమ్ముడు, “బీపీ పెరుగుద్ది, పడుకో కాసేపు” అన్నాడు. వాదంలో నేను గెలిచాను. మేస్త్రీ రావడం మాత్రం ఆగలేదు. నా జీవితంలో చాలా వాదాలు ఇలాగే గెలిచాను.

సందెవేళ అందరం వెనక వైపు కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. ఆ పాత బట్టల రాయి ఇంకా ఉంది, దాని మీద పూలకుండీలు పెట్టారు. అక్క ఒక కుండీ పక్కకి జరిపి రాయి మీద కూర్చుంది. మేఘన వెళ్లి ఆమె పక్కన ఇరుక్కుంది. గోడ బొక్కలోంచి గుండ్రటి తల ఒకటి బయటికి వచ్చింది. అక్క మేఘన చెయ్యి తీసుకుని తన గొంతు మీద పెట్టుకుంది. ఏం చేస్తోందో నాకు అర్థమయ్యేలోపు కూసింది. ముసలి గొంతు. మొదట పొడిగా గీరుకుపోయింది, రెండోసారికి అందుకుంది. చిర్‌ర్ చిర్‌ర్ చీవక్ చీవక్. గోడలో పిట్ట కిందికి వంగి పైకి లేచింది, బదులు పలికింది.

తమ్ముడు నవ్వాడు. డెబ్బై ఏళ్లకి దగ్గరైనవాడు, ఇంజినీరు, మోకాలికి కట్టు ఉన్నవాడు, పొట్ట పట్టుకుని పకపకా నవ్వాడు. ఎందుకు నవ్వుతున్నాడో వాడికే తెలియదు. భయపడాలని ఆ తర్వాత గుర్తొచ్చింది. ముఖం మార్చుకుని భార్య వైపు చూశాడు.

“అయ్యో వదినగారూ, సందెవేళ ఏంటండీ ఇది” అంది మరదలు చెంపలేసుకుంటూ. “రేపు మేస్త్రీ వచ్చి పూడ్చేస్తే గానీ నాకు మనశ్శాంతి ఉండదు.”

“పూడ్పించమ్మా, నాదేం పోయింది” అంది అక్క. “మూఢంలో గోడకి సిమెంటు పెట్టిస్తున్నారే అని చూస్తున్నా. ఎదురింటి వాళ్లు పెళ్లి కూడా మూఢం వెళ్లాకే పెట్టుకున్నారని నువ్వే అన్నావుగా పొద్దున.”

మరదలి చెయ్యి చెంప మీదే ఆగిపోయింది. “అవునండోయ్. మూఢంలో ఇంటి పని మొదలెట్టకూడదు కదూ. ఏవండీ, ఆ మేస్త్రీకి ఫోన్ చెయ్యండి. నెలన్నర పోయాక రమ్మనండి.” తమ్ముడు వెంటనే ఫోను తీశాడు. వాడికీ నమ్మకం లేదు కదా.

నాకు ఒళ్లు మండిపోయింది. వాళ్లు లోపలికి వెళ్లేదాకా ఆగి, “నువ్వు కూడానా అక్కా? మూఢమా? నాన్న చేసిందీ ఇదే, నువ్వు చేసిందీ ఇదే” అన్నాను.

అక్క నవ్వలేదు, నొచ్చుకోలేదు. “నెలకి ఆ పిల్లలు ఎగిరిపోతాయిరా. తర్వాత పూడ్చుకోనీ” అంది. పక్కకి జరిపిన కుండీ మళ్లీ సర్దుతూ, “నిజం నేనొకసారి చెప్పి చూశాగా ఈ ఇంట్లో” అంది.

ఆ పద్ధతి నాకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చలేదు. ఒక పిట్టని బతికించాలంటే అబద్ధమే పనికొస్తుందని మా అక్కకి నేర్పిన ఇంటి మీద కోపం మాత్రం రెట్టింపయింది.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే మేఘన అరుగు మీద నిలబడి, మర్నాడు బళ్లో చెప్పబోయేది అప్పజెప్పింది. పిట్ట పేరు మార్చలేదు. నిన్నటి ఫోను తర్వాత ఇంట్లో ఎవరూ దానికి అడ్డు చెప్పలేదు. “పైడి అంటే బంగారం. పైడికంటి అంటే బంగారు కళ్లున్న పిట్ట. అది ఎలకల్ని తింటుంది, మనల్ని ఏమీ చెయ్యదు. నాకు ఇవన్నీ చెప్పింది మా సుగుణమ్మమ్మ. తను ఎనిమిదో తరగతి దాకా చదివింది. తర్వాత…” ఆగి, అందరి వైపు చూసింది. “తర్వాత ఏమని చెప్పాలి?”

“చదువబ్బలేదని చెప్పు” అంది మరదలు, కాఫీ గ్లాసులు తీస్తూ.

“కాదు” అంది అక్క. పదమూడో ఏటి తర్వాత ఆ ఇంట్లో ఆవిడ ఆ మాట అనడం నేను మొదటిసారి విన్నాను. “మానిపించారని చెప్పు.”

గ్లాసుల చప్పుడు ఆగింది. తమ్ముడు పేపరు దించాడు.

“ఎవరు మానిపించారని టీచర్ అడిగితే?” అంది మేఘన.

అక్క నా వైపు చూసింది. “అది మీ పెద్ద తాతయ్య రాస్తాడులే” అంది.

రాశాను.